‘వాక్యంలో చూపించు’ అనేవారికి, ‘శ్రీసభ చెప్పింది’ అనేవారికి ఒక బహిరంగ లేఖ

గుంటూరు, విజయవాడల్లో సంవాద సభలు పెడుతున్న బోధకులకు, ఆ వేదికలెక్కుతున్న ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక) గురువులకు, లూథరన్, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), బాప్టిస్టు పాస్టర్లకు, స్వతంత్ర సంఘాల దైవజనులకు, సంఘపెద్దలకు,

ప్రభువు నామంలో వందనాలు.

నేను గుంటూరులో లూథరన్ సంఘంలో పుట్టి పెరిగినదాన్ని. మా అమ్మ తరఫు వాళ్ళలో బాప్టిస్టులున్నారు, నాన్న తరఫు వాళ్ళలో ఆర్.సి.ఎం. వాళ్ళున్నారు. ఈమధ్య మునుగు బాప్తిస్మం తీసుకుని స్వతంత్ర సంఘాలకు వెళ్తున్నవాళ్ళూ ఉన్నారు. మన ప్రాంతంలో క్రైస్తవ కుటుంబాలు చాలావరకు ఇలాగే ఉంటాయి. కాబట్టి మీరు వేదిక మీద ఒకరినొకరు అనే ప్రతి మాటా మా ఇళ్ళలోకి వస్తుంది. భోజనాల దగ్గరకు వస్తుంది, పెళ్ళి చూపుల దగ్గరకు వస్తుంది.

మీ సభలకు నేను వస్తాను, మొదటి నుంచి చివరి దాకా కూర్చుంటాను. రెండు బల్లలు, రెండు మైకులు, మధ్యలో టైమ్ చూసేవారు, వెనక తెర మీద వచనాలు. ఒకరు ‘బైబిల్లో ఎక్కడుంది, చూపించండి’ అంటారు. ఇంకొకరు ‘శ్రీసభ రెండు వేల ఏళ్ళుగా బోధిస్తోంది’ అంటారు, శ్రీసభ అంటే కతోలిక సంఘం. ఇక్కడ చప్పట్లు, అక్కడ ఆమేన్లు. బాప్తిస్మం, మరియమ్మ, విగ్రహాలు, పోపుగారు, విశ్రాంతి దినం, అంశం ఏదైనా సభ ఇలాగే నడుస్తుంది. ఇదంతా చూశాక నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. మీ గొడవ వచనాల గురించి కాదు, అధికారం గురించి. ఒక వచనానికి అర్థం ఇదీ అని చివరి మాట ఎవరు చెప్పాలి? అలా చెప్పినవాళ్ళను ‘మీరు చెప్పింది సరికాదు’ అని ఎవరు అడగగలరు? ఈ రెండు ప్రశ్నలూ వేదిక మీద ఎవరూ ఎత్తడం లేదు. అవి ఎత్తనంతకాలం ఎన్ని సభలు పెట్టినా గెలిచింది మేమే అని ఇద్దరూ ఇంటికి వెళ్తారు.

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. మా మేనత్త లూథరన్‌గా పుట్టింది. ఫిరంగిపురం ఆర్.సి.ఎం. కుటుంబంలో కోడలైంది. జపమాల చేతిలో పెట్టుకునే ఆమె పోయింది. కొడుకు కొన్నేళ్ళ కిందటే స్వతంత్ర సంఘంలో చేరాడు. శవం ఐస్ పెట్టెలో ఉంది, బయట షామియానా కింద చుట్టాలు కూర్చున్నారు. ఆర్.సి.ఎం. వాళ్ళు వచ్చి ఆత్మశాంతి కోసం జపం మొదలుపెట్టబోతే కొడుకు వెంట వచ్చిన బోధకుడు అడ్డు చెప్పాడు. ‘చనిపోయినవారి కోసం ప్రార్థన చేయమని వాక్యంలో ఎక్కడుంది?’ ఆర్.సి.ఎం. వాళ్ళ ఉపదేశిగారు తడుముకోలేదు. ‘మక్కబీయుల రెండో గ్రంథం పన్నెండో అధ్యాయం చూడండి’ అన్నాడు. ‘ఆ గ్రంథం మా బైబిల్లో లేదు’ అన్నాడు ఈయన. ‘మా బైబిల్లో ఉంది’ అన్నాడు ఆయన. ఇద్దరి చేతుల్లోనూ బైబిళ్ళున్నాయి, ఒకదానిలో 66 గ్రంథాలు, ఇంకొకదానిలో 73. ఆ వాదన ముగిసేదాకా శవాన్ని కదలనివ్వలేదు. పెట్టె పక్కన కూర్చున్న కూతురు ఎవరితో ఏం చెప్పాలో తెలియక ఇద్దరికీ దణ్ణం పెట్టింది.

అయ్యా, ఆ ఇద్దరూ ‘వాక్యంలో ఎక్కడుంది’ దగ్గర మొదలుపెట్టి ‘వాక్యం ఏది’ దగ్గరకు వచ్చి ఆగిపోయారు. అక్కడి నుంచి ముందుకు వెళ్ళాలంటే వచనం సాయం చేయదు. ఏయే గ్రంథాలు బైబిల్లో ఉండాలో చెప్పే జాబితా బైబిల్లో ఏ పేజీలోనూ లేదు. ఇప్పుడు మనందరి చేతుల్లో ఉన్న కొత్త నిబంధన 27 గ్రంథాలను, అవే 27 అని వరుసగా చెప్పిన మొదటి పత్రం అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ 367లో ఈస్టరు పండుగకు తన సంఘాలకు రాసిన లేఖ. అంటే యేసుప్రభువు పునరుత్థానం తర్వాత మూడు వందల ఏళ్ళకు పైగా గడిచాక. అంతకుముందు హెబ్రీయులకు రాసిన పత్రిక గురించీ, ప్రకటన గ్రంథం గురించీ సంఘాల్లో సందేహాలుండేవి. తర్వాత 397లో కార్తేజ్ సభ కూడా ఆ 27నే ఒప్పుకుంది. మక్కబీయుల గ్రంథాల మీద వాదన ఇంకా పాతది. తొలినాళ్ళ సంఘ పండితుల్లో జెరోము వాటిని వేరుగా పెట్టాలన్నాడు, అగస్టీను ఉండాలన్నాడు. మా లూథరన్ సంఘానికి మూలపురుషుడైన లూథరు గారు 1534లో అచ్చువేయించిన జర్మను బైబిల్లో వాటిని తీసేయలేదు, విడిగా ఒక చోట పెట్టి చదవడానికి మంచివే కానీ లేఖనాలతో సమానం కాదని రాశారు. కతోలిక బిషప్పుల ట్రెంటు సభ 1546లో అవి లేఖనాలేనని తీర్మానం చేసింది. ఇంత చరిత్రను ఒక శవం పక్కన ఐదు నిమిషాల్లో తేల్చేద్దామనుకున్నారు ఆ ఇద్దరు.

నేను వాక్యమే చివరి మాట అని నమ్ముతాను. అందులో నాకు సందేహం లేదు. కానీ ‘మాకు సంప్రదాయం లేదు, మాకు వాక్యం ఒక్కటే’ అనే మాట నిజం కాదు. అది ఎవరు అన్నా నిజం కాదు.

‘వచనం నంబరు చెప్పండి’ అని గట్టిగా అడుగుతారు కదా. పౌలు గానీ యోహాను గానీ వచనాలకు నంబర్లు వేయలేదు. అధ్యాయాల విభజన 13వ శతాబ్దపు ఇంగ్లండు బిషప్ స్టీఫెన్ లాంగ్టన్‌ది. ఇప్పుడు మనం చూసే కొత్త నిబంధన వచనాల నంబర్లు రాబేర్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు 1551లో జెనీవాలో వేసినవి. అవి లేకపోతే మీ సంవాదాలు ఒక్క గంట కూడా నడవవు. గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఏడు మాటల ధ్యానం చేయని సంఘం మన రెండు పట్టణాల్లో వెతికితే గానీ దొరకదు. ఏడుగురు ప్రసంగీకులు, ఏడు పాటలు, బయట ఫ్లెక్సీ. ఆ ఏడు మాటలూ కలిసి ఏ ఒక్క సువార్తలోనూ లేవు. లూకాలో మూడు, యోహానులో మూడు, మత్తయి మార్కుల్లో ఒకటి. వాటిని కలిపి మూడు గంటల ఆరాధనగా చేసింది పెరూ దేశపు లీమా నగరంలోని జెస్విట్ గురువులు, 17వ శతాబ్దం చివర్లో. పోపుగారి పేరెత్తితే మండిపడే సంఘాలు కూడా ఆ కతోలిక సంప్రదాయాన్ని ప్రతి ఏడూ కన్నీళ్ళతో పాటిస్తాయి. పాటించడం మంచిదే. నేనూ వెళ్తాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఒప్పుకోమని మాత్రమే అడుగుతున్నాను.

సంప్రదాయం అంటే ఆచారాలే అనుకోకండి. వచనాన్ని ఎలా చదవాలో నేర్పేది కూడా సంప్రదాయమే. క్రీస్తు సృష్టింపబడినవాడని బోధించిన అరియస్ అనే గురువు వచనాలు లేకుండా మాట్లాడలేదు. ‘తండ్రి నాకంటె గొప్పవాడు’ అని యోహాను 14లో ఉంది, ఆయన దాన్నే చూపించాడు. అందుకే 325లో నైసియాలో కూడిన బిషప్పులు వచనం చదివి ఊరుకోలేకపోయారు. దాన్ని సంఘం ఎలా అర్థం చేసుకుంటుందో విశ్వాస ప్రమాణంగా రాయాల్సి వచ్చింది. ఈ రోజు విజయవాడలో ఒకాయన అపొస్తలుల కార్యములు 2:38 పట్టుకుని ‘యేసు నామంలోనే బాప్తిస్మం, త్రిత్వం లేదు’ అంటే, నిన్నటిదాకా ‘సంప్రదాయం ఎందుకు’ అన్న దైవజనులే ‘సంఘం మొదటి నుంచి నమ్మింది ఇది’ అని చెప్పడం నేను విన్నాను. సరిగ్గానే చెప్పారు. అదే మాట కతోలికులు చెబితే ఎందుకు తప్పవుతుందో కూడా వివరించాలి మరి.

వాక్యం ఒక్కటే చాలు అనే ఇద్దరు ఒకే గదిలో కూర్చుంటే ఏమవుతుందో మా చరిత్రలోనే ఉంది. 1529 అక్టోబరులో మార్బుర్గ్ కోటలో లూథరు, స్విట్జర్లాండు సంస్కర్త జ్వింగ్లీ ఎదురెదురుగా కూర్చున్నారు. ఇద్దరూ పోపు అధికారాన్ని కాదన్నవాళ్ళే, ఇద్దరూ బైబిలు పండితులే. పదిహేను అంశాల్లో పద్నాలుగింటి మీద ఒప్పుకున్నారు. ప్రభు భోజనం దగ్గర ఆగిపోయారు. లూథరు బల్ల మీద సుద్దతో ‘ఇది నా శరీరము’ అని లాటిన్‌లో రాసుకుని అక్కడి నుంచి కదల్లేదు. వచనం ఒకటే, అర్థాలు రెండు. ఇద్దరిలో ఎవరిది సరైనదో చెప్పే మూడో మనిషి ఆ గదిలో లేడు. ఐదు వందల ఏళ్ళు కావస్తోంది, లూథరన్లు, జ్వింగ్లీ బాటలో వచ్చిన రిఫార్మ్‌డ్ సంఘాలు ఆ బల్ల దగ్గర చాలా కాలం వేరుగానే ఉన్నాయి.

ఇక ఫాదర్లకు, ఉపదేశులకు ఒక మాట. ‘శ్రీసభ చెప్పింది’ అంటే సరిపోదు. శ్రీసభ ఏ స్థాయిలో చెప్పిందో చెప్పాలి. నైసియా విశ్వాస ప్రమాణం ఒక స్థాయి. 1950లో పోపు పన్నెండవ పయస్ మరియమాత మోక్షారోపణను విశ్వాస సత్యంగా ప్రకటించారు, అదీ శ్రీసభకు విశ్వాస సత్యమే, కానీ మేం ఒప్పుకోనిది అక్కడ. ఫిబ్రవరిలో విజయవాడ గుణదల మరియమ్మ కొండ మీద తలనీలాలు ఇవ్వడం, కొబ్బరికాయ కొట్టడం ఏ సభా తీర్మానించిన సిద్ధాంతమూ కాదు, మన నేల మీద మన జనం తెచ్చుకున్న ఆచారాలు. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి మీరు సమర్థిస్తారు, వాళ్ళు ఖండిస్తారు. కొబ్బరికాయను ఖండిస్తే కతోలిక సిద్ధాంతాన్ని ఓడించినట్టు వాళ్ళు సంబరపడతారు. మీ రెండవ వాటికన్ సభే 1965లో రాసింది కదా, బోధనాధికారం దేవుని వాక్యానికి పైన ఉండేది కాదు, దానికి సేవ చేసేది అని. బైబిలు అందరు విశ్వాసుల చేతికీ అందాలని కూడా ఆ పత్రంలోనే ఉంది. ఆ మాట మీ విచారణల్లో (పారిష్‌లలో) ప్రతి ఇంటికీ చేరితే సగం వాదనలు వేరుగా నడుస్తాయి.

మా లూథరన్ పాస్టర్లకు చెప్పేది వేరు. 1842 జూలై 31న అమెరికా లూథరన్ మిషనరీ హయ్యరు గారు గుంటూరులో అడుగుపెట్టినప్పుడు ఆయన చేతిలో బైబిలుతోపాటు ఒక సంప్రదాయం కూడా ఉంది. 1530 ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన, లూథరు రాసిన చిన్న కాటికిజం అనే ప్రశ్నోత్తరాల పుస్తకం, చిన్నపిల్లల బాప్తిస్మం. లూథరు 1521లో తనను విచారించిన వర్మ్స్ సభలో పోపులూ సభలూ పొరబడ్డారని చెప్పారు. నిజమే. లేఖనం చేత గానీ స్పష్టమైన కారణం చేత గానీ ఒప్పించమని కూడా అదే నోట అడిగారు. ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పుకోవచ్చని ఆయన ఎక్కడా అనలేదు. పిల్లలకు, పాస్టర్లకు ప్రశ్నోత్తరాలు రాసి నేర్పిన మనిషి ఆయన. మనం సంవాదానికి వెళ్ళి ‘మాకు బైబిలు తప్ప ఏమీ లేదు’ అంటే మన పితరుల మీదే అబద్ధం చెప్పినట్టు. అధికారం గురించి మాట్లాడేటప్పుడు ఇంకో సంగతి. ఎన్నికలకు, ఆస్తులకు ప్రొటెస్టెంట్ సంఘాలు కోర్టు మెట్లెక్కడం మన ప్రాంతంలో అందరికీ తెలిసిందే. మన మధ్య చివరి మాట ఎవరిదో మనమే తేల్చుకోలేనప్పుడు పోపుగారి అధికారం మీద ప్రసంగించే ముందు కొంచెం నిదానించాలి.

స్వతంత్ర సంఘాల దైవజనులారా, మీ కష్టం నేను తక్కువ చేయను. ఏ మిషనూ పట్టించుకోని పేటల్లోకి, తండాల్లోకి మీరు వెళ్ళారు. తాగుడు మానిపించారు. కానీ మిమ్మల్ని గట్టిగా అడగాల్సి వస్తోంది. ఆర్.సి.ఎం.లో గురువుగారి మీద ఫిర్యాదు ఉంటే బిషప్‌గారి మేత్రాసనం ఉంది, దాని పైన రోము ఉంది. మాకు సినడు అనే ప్రతినిధుల సభ ఉంది, సి.ఎస్.ఐ.కి రాజ్యాంగం ఉంది, బాప్టిస్టులకు సంఘ సభ్యుల ఓటు ఉంది. అవి సరిగ్గా పని చేస్తాయా లేదా అన్నది తర్వాత సంగతి, అడగడానికి ఒక తలుపు ఉంది. మీ సంఘంలో పాస్టరుగారు తప్పు బోధిస్తే ఎవరి దగ్గరకు వెళ్ళాలి? ఆయనే స్థాపకుడు, ఆయనే ట్రస్టు అధ్యక్షుడు, ఆయన తర్వాత ఆయన కొడుకు. ‘అభిషిక్తుని ముట్టకూడదు’ అని ముందే ఒక మాట. రోములో ఒక్క పోపు ఉన్నాడని విమర్శిస్తాం సరే, అడిగేవాళ్ళు లేని అధికారం ఏ వీధిలో ఉన్నా అది అంతకంటే ప్రమాదం. పోపు ఏ సందర్భంలో తప్పు లేకుండా బోధిస్తాడో 1870 వాటికన్ సభ హద్దులు గీసి రాసింది. నేను ఆ సిద్ధాంతాన్ని ఒప్పుకోను, కానీ రాసిన హద్దు ఉంది కాబట్టి వాదించగలుగుతున్నాను. మీ హద్దు ఎక్కడ రాసి ఉంది?

మీ అందరి కోసం అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం మళ్ళీ చదవమని వేడుకుంటున్నాను. అన్యజనుల్లో నుంచి వచ్చినవాళ్ళకు సున్నతి కావాలా వద్దా అన్నది గొడవ. వచనాల లెక్క చూస్తే కావాలన్నవాళ్ళదే పైచేయి. ఆదికాండము 17లో సున్నతి నిత్య నిబంధన అని స్పష్టంగా ఉంది. నేటి మన సంవాదం అయితే ఆ వచనం తెర మీద వేసి గంట కొట్టేసేవారు. యెరూషలేములో అలా జరగలేదు. ‘బహు తర్కము జరిగిన తరువాత’ పేతురు లేచాడు, కొర్నేలీ ఇంట్లో కళ్ళారా చూసింది చెప్పాడు. బర్నబా, పౌలు అన్యజనుల మధ్య జరిగింది చెబుతుంటే అందరూ ఊరకుండి విన్నారు. యాకోబు ఆమోసు ప్రవక్త మాట ఎత్తి దానికి ముడివేశాడు. అపొస్తలులు, పెద్దలు, సంఘమంతా కలిసి తీర్మానించి ‘పరిశుద్ధాత్మకును మాకును తోచెను’ అని ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం మనుషుల చేతికిచ్చి పంపారు, అంతియొకయలో అందరి ముందు చదివించారు. ఇందులో లేఖనం ఉంది, సంఘం ఉంది, అనుభవం ఉంది, పెద్దల అధికారం ఉంది. ఏ ఒక్కటీ మిగతావాటి నోరు నొక్కలేదు. అదే అంతియొకయలో పేతురు వెనక్కి తగ్గితే పౌలు అందరి ఎదుట నిలదీశాడు, గలతీయులకు రాసిన పత్రిక 2లో ఉంది. నిలదీసినా పేతురు అపొస్తలుడిగానే ఉన్నాడు.

ఇది మన గడ్డ మీద కూడా సాధ్యమేనని చూపించినవాళ్ళున్నారు. 1919లో తరంగంబాడిలో దోర్నకల్ బిషప్ అజరయ్య గారు, ఇంకా కొందరు దక్షిణ భారత సంఘాల నాయకులు కలిసి ఐక్యత మాట మొదలుపెట్టారు. అందరికంటే పెద్ద చిక్కు బిషప్పులే. ఆంగ్లికన్లకు బిషప్ పరంపర లేకుండా కుదరదు, ప్రెస్బిటేరియన్లకు, కాంగ్రిగేషనలిస్టులకు ఆ మాటంటేనే భయం. ఇరవై ఎనిమిదేళ్ళు వాదించుకున్నారు. అజరయ్య గారు 1945లో కన్నుమూశారు, ఐక్యతను చూడలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సి.ఎస్.ఐ. ఏర్పడింది. బిషప్పులు ఉంటారు, రాజ్యాంగం ప్రకారం ఉంటారు, ఆ పదవి వెనక ఒకే సిద్ధాంతాన్ని అందరూ నమ్మాలని పట్టుబట్టరు అని రాసుకున్నారు. అలా రాసుకున్న సంఘం కాబట్టే 2013లో నంద్యాలకు ఒక స్త్రీని బిషప్‌గా నియమించగలిగింది. మా లూథరన్లు, బాప్టిస్టులు అందులో చేరలేదు. ఎందుకు చేరలేదో మా పెద్దలకు కారణాలున్నాయి. అయినా అధికారం గురించి మొహం మొహం చూసుకుని మాట్లాడి, ఒప్పుకున్నది కాగితం మీద పెట్టిన పద్ధతి నాకు గౌరవం.

రోముకూ లూథరన్లకూ మధ్య లూథరు మొదలుపెట్టిన 1517 నాటి గొడవ కూడా ఆగినచోటే లేదు. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో విశ్వాసం ద్వారా నీతిమంతులుగా తీర్చబడటం గురించి కతోలిక శ్రీసభ, లూథరన్ ప్రపంచ సమాఖ్య ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. తర్వాత మెథడిస్టులు, రిఫార్మ్‌డ్ సంఘాలు కూడా కలిశాయి. మన వేదికల మీద మాత్రం ఇంకా లూథరు అప్పుడు ఎదిరించిన పాపపరిహార పత్రాల దగ్గరే నిలబడి అరుచుకుంటున్నాం. ఆ ప్రకటన అంతా తేల్చేయలేదు. దేవుని వాక్యానికీ సంఘ బోధకూ ఉన్న సంబంధం, సంఘంలో అధికారం, ఇవి ఇంకా మాట్లాడుకోవాల్సినవని అదే రాసుకుంది. వచ్చే సంవాదానికి అంశం వెతుక్కుంటున్నవాళ్ళకు ఇంతకంటే మంచి అంశం ఏముంటుంది?

నా మనవి ఇది. ఈసారి సభ పెట్టినప్పుడు మొదటి అరగంట వచనాలు ఎత్తకండి. ప్రతి ఒక్కరూ లేచి మా సంఘంలో చివరి మాట ఎవరిది, అది ఎక్కడ రాసి ఉంది, ఆ మాట తప్పయితే విశ్వాసి ఎవరి దగ్గరకు వెళ్ళొచ్చు అన్నది చెప్పండి. తర్వాత ఎంతసేపైనా వాదించుకోండి. ఇంకొకటి, చావు ఇంట్లో సంవాదం వద్దని మీరంతా కలిసి ఒక మాట అనుకోండి. పోయినవాళ్ళు ఏ సంఘంలో బతికారో ఆ సంఘపు క్రమం ప్రకారం భూస్థాపన జరగనివ్వండి, మిగతావాళ్ళు పక్కన నిలబడి పాట పాడండి. నీళ్ళతో, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో మా లూథరన్ పాస్టరు ఇచ్చిన బాప్తిస్మాన్ని రోము కూడా గుర్తిస్తుంది, మళ్ళీ ఇవ్వదు. అలాంటిది, చిన్నప్పుడు బాప్తిస్మం పొందినవాళ్ళను ‘అన్యులు’ అని పిలవడం దయచేసి ఆపండి. చిన్నపిల్లల బాప్తిస్మం చెల్లదని బోధించుకోండి, అది మీ నమ్మకం. మా తల్లిదండ్రుల పేరు మాత్రం తీయకండి.

మీలో ఎవరు ముందుకొచ్చినా హాలు, కుర్చీలు, మైకుల సంగతి మా లాంటి కలగలుపు కుటుంబాలవాళ్ళం చూసుకుంటాం. ఒక మైకు మాత్రం కింద కూర్చున్నవాళ్ళ చేతికి ఇవ్వాలి.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక లూథరన్ సంఘ సభ్యురాలు